మన మిర్చి గ్రేడు రాసే కాడ మనం ఎందుకు లేం? – మిర్చి రైతు కంపెనీల డైరెక్టర్లకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, భూపాలపల్లి, ములుగు, మానుకోట దిక్కు మిర్చి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు నడిపిస్తున్న అన్నలకు, అక్కలకు నమస్తే.

నేను దుగ్గొండి దిక్కోన్ని. మూడెకరాలల్ల మిర్చి పెట్టే ఇంట్ల పుట్టిన, పన్నెండేండ్ల సంది హైదరాబాద్‌ల ఒక మసాలా దినుసుల టెస్టింగ్ ల్యాబ్‌ల పనిచేస్తున్న. మీ మీటింగులకు రెండు మూడు సార్లు వచ్చి ఎనుక కూసున్న, మాట్లాడే ధైర్యం చాలలే, అందుకే రాస్తున్న. జర పొడుగే ఉంటది, ఓపిక పట్టుండ్రి.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి బాపుతోని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయిన. రాత్రి పదింటికి డీసీఎం ఎక్కినం, బస్తాల మీదనే పండుకున్నం, ఆ ఘాటుకు నాకు తెల్లారేదాక తుమ్ములే. పొద్దుగాల జెండా పాట, అంటే ఆ రోజు అన్నిటికన్నా మంచి కాయకు పాడే మొదటి వేలం రేటు, అయింది. రేటు చెప్పంగనే బాపు మొఖం వెలిగింది, మా కాయ ఆ జెండా పెట్టిన కుప్పకు ఏం తక్కువ లేదని ఆయన నమ్మకం. తర్వాత ఖరీదుదారు మనిషి మా కాడికి వచ్చిండు. నాలుగు బస్తాలు ముట్టకుంట వదిలేసి అయిదో దాంట్ల మోచేతి దాక చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు కాయ తీసిండు. ఒక కాయ చెవి కాడ ఊపిండు, తొడిమ కాడ విరిచిండు, "నిమ్మున్నది పెద్దాయనా" అని మిగిలినవి మా కుప్ప మీదికే ఇసిరేసిండు. జెండా పాట కన్నా క్వింటాలుకు మూడు వేలు తక్కువ రాసిండు. బాపు అడిగింది ఒకటే మాట, "ఎంత నిమ్మున్నది?" అని. ఆయన నవ్విండు. "ఎంతేంది పెద్దాయనా, ఉన్నది, నువ్వే చెయ్యి పెట్టి చూడు."

ఆ "ఎంత" అనే మాట నా చెవులల్ల ఇప్పటికీ ఉన్నది. నిజం చెప్పాల్నంటే ఆ మనిషి చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, ఆ ఏడు మంచు బాగ పడ్డది, కల్లంల కాయ రెండ్రోజులు ముందుగనే ఎత్తినం. కానీ ఎంత అంటే ఇద్దరూ ఒప్పుకునే జవాబు లేనప్పుడు కొనేటోని చెయ్యే మీటరు అయితది. నేను ల్యాబ్‌ల చేసే పని మొత్తం ఆ జవాబు చెప్పుడే. ఆ జవాబు ఎట్ల చెప్పాల్నో రాసిపెట్టిన కాగితాన్ని స్టాండర్డ్ అంటరు. తెలుగుల ప్రమాణం అనొచ్చు గానీ మా ల్యాబ్‌ల ఎవ్వరూ అనరు, ప్రమాణం అంటే గుడికాడ చేసేదే అనుకుంటరు.

తేమ సంగతే చూడండి. ఓవెన్‌ల పెట్టి ఎండగొట్టి ఎంత బరువు తగ్గిందో చూస్తే అయిపాయె గదా అనిపిస్తది. మసాలా దినుసులకు అది సరిగ్గ కుదరదు, ఎందుకంటే వాసననిచ్చే నూనెలు కూడా నీళ్లతోపాటే ఎగిరిపోతయి, లేని తేమ ఉన్నట్టు లెక్క వస్తది, మునిగేది అమ్మేటోడు. అందుకే ఐఎస్ఓ అనే అంతర్జాతీయ స్టాండర్డ్‌ల సంస్థోళ్లు ఐఎస్ఓ 939 అని ఒక పద్ధతి పెట్టిండ్రు. మచ్చును, అంటే శాంపిల్‌ను, టొల్యూన్ అనే ద్రావకంల వేసి మరిగిస్తే ఆవిరితోని నీళ్లు పైకొచ్చి, చల్లారి, గీతలు పెట్టిన సన్న గాజు గొట్టంలకు దిగుతయి, నీళ్లు అడుగుకు, టొల్యూన్ పైకి. ఎన్ని మిల్లీలీటర్లో కంటితోనే చదువుకోవచ్చు. ఆ గొట్టంల మొదటిసారి చుక్క చుక్క నీళ్లు దిగుతుంటే చూసి, బాపును పిలిచి చూపియ్యాల్ననిపించింది నాకు. మార్కెట్ల గుచ్చే చేతి మీటర్లు చెడ్డయేం కావు, నిమిషంల చెప్తయి, కానీ వాటిని అప్పుడప్పుడు ఇసొంటి పద్ధతితోని సరిచూడకపోతే ఆ మీటరుకూ ఆ మోచేతికీ పెద్ద ఫరకేం ఉండదు.

తేమ కన్నా ముందు ఇంకొకటి ఉన్నది, మచ్చు తీసుడు. దీనికి కూడా ఐఎస్ఓ 948 అని వేరే స్టాండర్డ్ ఉన్నది. లాట్‌ల ఎన్ని సంచులుంటే ఎన్నిట్ల నుంచి తీయాలె, అన్నీ కలిపి దాంట్ల నుంచి ల్యాబ్ మచ్చు ఎట్ల చెయ్యాలె అని. మేం మామూలుగా కలిపిన కుప్పను నాలుగు పాయలు చేసి ఎదురెదురు రెండు పాయలు ఉంచి మిగిలినయి తీసేస్తం, మళ్ల కలుపుతం, మళ్ల నాలుగు చేస్తం, చిన్నగయ్యేదాక. ఖరీదుదారు అయిదో సంచి అడుగుల నుంచి తీసుడు ఒక తప్పైతే, మనం సంచి మూతికాడ మంచి కాయ పేర్చి నడుమ తాలు కాయ కలుపుడు ఇంకో తప్పు. కోపానికి రాకుండ్రి, మా ఇంట్ల గూడ చేసిండ్రు. మచ్చు తప్పైనంక లక్షల మిషన్ పెట్టి ఏం ఫాయిదా?

ఇగ ఘాటు, రంగు. 1912ల అమెరికాల విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్ట్ కారం కొలిచే పద్ధతి ఒకటి చెప్పిండు, మిర్చి రసాన్ని చక్కెర నీళ్లల్ల పలచగ చేసుకుంట పోవుడు, నాలుకకు కారం తెలవకుండ పోయేదాక ఎన్ని రెట్లు కలపాల్సొస్తదో అదే లెక్క. మనుషుల నాలుకలే మీటర్లన్నట్టు. ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే మిషన్ కారం పుట్టించే కాప్సైసిన్ ఎంతున్నదో లెక్క తీస్తది, అయినా పేరు మాత్రం స్కోవిల్‌దే. రంగుకు ఆస్టా విలువ అంటరు. ఆస్టా అంటే అమెరికా మసాలా వ్యాపారుల సంఘం, 1907ల పెట్టుకున్నరు. పొడిని అసిటోన్‌ల నానబెట్టి ఆ ఎర్ర రసంలకు వెలుతురు పంపి ఎంత మింగిందో చూసుడు. సముద్రానికి అవతల కొనేటోళ్ల సంఘం ఒకటి రాసుకున్న లెక్కతోని ఇయ్యాల నర్సంపేట కాయకు రంగు రేటు పలుకుతున్నది. వాళ్లది తప్పని నేనంటలే. వాళ్లకు అవసరం పడ్డది, కూసున్నరు, రాసుకున్నరు, అంతే. మనం కూసోలే.

మన చపాట రకం మిర్చి సంగతి ఇక్కడ్నే చెప్పాలె. 2025ల దానికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ జాగల పండేదే అనే గుర్తింపు, వచ్చింది, సంబురపడ్డం, పడాల్సిందే, దాని కోసం తిరిగిన రైతులకు, హార్టికల్చర్ యూనివర్సిటీ వాళ్లకు దండం. టమాట లెక్క గుండ్రంగ, రంగు మస్తు, కారం తక్కువ. కానీ జీఐ కాపాడేది పేరును. వేరే కాడ పండిన కాయను వరంగల్ చపాట అని అమ్మొద్దు అంటది, కొనేటోడు రంగు ఎంత, తేమ ఎంత అని అడిగినప్పుడు చూపెట్టేది మల్ల ఆ నంబర్లే. రంగెక్కువ కారం తక్కువ కాయను యూరప్‌ల పాప్రికా అని అమ్ముతరు. అందుకని పాప్రికాకు, ఎండు మిర్చికి రూలు రాస్తున్న కాడ ఏ మాట ఎట్ల రాసిండ్రనేది అందరికన్నా ఎక్కువ చపాటోళ్లకు కావాలె.

రాసిండ్రు కూడా. ఎండు మిర్చికి, పాప్రికాకు కలిపి అంతర్జాతీయ స్టాండర్డ్ 2022ల ఖాయమైంది. కోడెక్స్ అంటరు ఆ సంస్థను, ఐక్యరాజ్యసమితి కింద ఉన్న ఎఫ్ఏఓ (ఆహార, వ్యవసాయ సంస్థ), ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పెట్టినయి, 1963ల మొదటి మీటింగ్ రోమ్‌ల అయింది, ఇప్పుడు 180కి పైగా దేశాలున్నయి. దాంట్ల మసాలా దినుసుల కమిటీని నడిపించేది ఎవరనుకున్నరు? మన దేశమే, స్పైసెస్ బోర్డు. 2014ల మొదటి మీటింగ్ కొచ్చిల, తర్వాత గోవాల, 2017ల చెన్నైల అయినయి. వరంగల్ స్టేషన్‌ల రాత్రి బండెక్కితే తెల్లారేసరికి చెన్నై. ప్రపంచం మొత్తం మిర్చి, జీలకర్ర, మిరియాల మీద మాట్లాడుకోనీకి మన పక్కకొచ్చి కూసుంటే, మా దిక్కు నుంచి ఎవలన్న పోయిండ్రని నేనైతే ఇనలే. నేను కూడా అప్పుడు ఇదే పనిల ఉన్న, నాకే తెల్వదు, మా సార్ చెప్పినంక తెలిసింది, కాబట్టి తిట్టుకుంటే ముందు నన్నే తిట్టుకోవాలె.

ఆ మీటింగులల్ల ఏం జరుగుతదంటే, చాన మందికి బోరు కొట్టే పని జరుగుతది. కోడెక్స్ పద్ధతిల ఎనిమిది మెట్లున్నయి. ఒక దేశం ఫలానా దానికి స్టాండర్డ్ కావాలె, ఎందుకంటే వ్యాపారంల ఫలానా కిరికిరి ఉన్నది అని కాగితం పెడతది, పెద్ద కమిషన్ ఒప్పుకుంటే కొన్ని దేశాలోళ్లు కలిసి ముసాయిదా రాస్తరు, అది అన్ని దేశాలకు పోతది, కామెంట్లు వస్తయి, కమిటీల కూసొని ఒక్కొక్క మాట మీద కొట్లాడుతరు, మళ్ల తిప్పుతరు, మళ్ల కామెంట్లు, చివరికి కమిషన్ ముద్ర. ఒప్పందం కుదరని నంబరును చదరపు బ్రాకెట్ల మధ్య పెడతరు. నాకు బాగ నచ్చిన ముచ్చట ఇది. ఆ బ్రాకెట్లు ఉన్నంత సేపు ఆ నంబరు ఇంకా తెగలేదన్నట్టు, దాన్ని ఎటన్న జరపొచ్చు. బ్రాకెట్ ఊడిపోయినంక ఎంత అర్సినా ఎవడూ ఇనడు. మనం ఎప్పుడూ బ్రాకెట్లు ఊడినంకనే అర్సుతున్నం.

సాధారణంగ అందరూ ఒప్పుకునేదాక సాగదీస్తరు, ఓట్లదాక రానియ్యరు. వచ్చిన రోజు మాత్రం ఎట్లుంటదంటే, 2012ల పందులకు, పశువులకు బరువు పెరగనీకి ఇచ్చే రాక్టోపమైన్ అనే మందు మాంసంల ఎంత దాక ఉండొచ్చు అని ఓటింగ్ పెడితే 69 ఒక దిక్కు, 67 ఒక దిక్కు. మా సర్పంచ్ ఎలక్షన్‌ల గూడ ఇంత దగ్గర పోటీ చూడలే.

ఐఎస్ఓ కథ జర వేరే. అది ప్రభుత్వాల సంఘం కాదు, దేశానికొక స్టాండర్డ్స్ సంస్థ దాంట్ల సభ్యులు, మనకు బీఐఎస్, అదే, ఐఎస్ఐ మార్క్ ఇచ్చేది. 1946ల లండన్‌ల 25 దేశాలోళ్లు కూసొని అనుకున్నరు, 1947 నుంచి నడుస్తున్నది, ఆఫీసు జెనీవాల. మీ జేబుల ఏటీఎం కార్డు ఏ ఊరి మిషన్‌ల పెట్టినా సరిపోతున్నదంటే దాని పొడుగు, వెడల్పు, మందం వాళ్ల కాగితంల ఉన్నందుకే. పని చేసేది టెక్నికల్ కమిటీలు. మసాలా దినుసుల సబ్ కమిటీకి సెక్రటేరియట్ మన బీఐఎస్సే నడిపిస్తది, ఇది మనోళ్లకు అస్సలు తెల్వదు. ముసాయిదా తయారైనంక సభ్య దేశాలకు 12 వారాలు టైమిస్తరు, పాల్గొనే దేశాలల్ల మూడింట రెండొంతులు సరే అనాలె, మొత్తం పడ్డ ఓట్లల్ల నాలుగో వంతు కన్నా ఎక్కువ వద్దు అని ఉండొద్దు. జర్మనీకైనా శ్రీలంకకైనా ఒకటే ఓటు. అచ్చైనంక కూడా అయిపోదు, అయిదేండ్లకోసారి ఇది ఉంచాల్నా మార్చాల్నా తీసెయ్యాల్నా అని మళ్ల అడుగుతరు.

ఇదంతా మనకెందుకు అంటరు మీరు, మీటింగ్‌ల ఒక పెద్దమనిషి అననే అన్నడు, "మనం పండిచ్చుడే గొప్ప, కాగితాలు వాళ్లు చూసుకుంటరు" అని. 1995ల డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) పెట్టినప్పుడు ఒక ఒప్పందం రాసుకున్నరు, తిండి సరుకు ఆరోగ్యానికి మంచిదా కాదా అనే కాడ కోడెక్స్ స్టాండర్డ్‌ను కొలబద్దగ చూడాలె, ఏ దేశమన్న అంతకన్నా గట్టిగ పెట్టుకుంటా అంటే సైన్స్ చూపెట్టాలె అని. అంటే ఆ కాగితం వట్టి సలహా కాదు, గొడవ వచ్చినప్పుడు సాక్ష్యం. అది లేని కాడ కొనే దేశం చెప్పిందే రేటు, చెప్పిందే తేమ, మళ్ల మోచేతి కథే.

దానికి దెబ్బ తిన్నది గూడ మనమే. 2003ల ఫ్రాన్స్‌ల మన దేశం నుంచి పోయిన కారం సరుకుల సుడాన్ 1 అనే రంగు దొరికింది, మైనానికి, నూనెలకు వేసే రంగు అది, తిండిల ఉండొద్దు. యూరప్ మొత్తం టెస్ట్ కాగితం లేనిది మిర్చి రానియ్యమన్నది. 2005ల బ్రిటన్‌ల ఒక సాస్‌ల అదే రంగున్న కారంపొడి పడ్డదని, ఆ సాస్ వాడిన వందల రకాల సరుకులను షాపుల నుంచి ఎనక్కి తీసుకున్నరు. కలిపినోడు ఎవడో మిల్లుల కలిపిండు, పేరు పోయింది మాత్రం కాయ పండించినోనిది గూడ. ఆ 2003 గొడవ తర్వాతనే మిర్చి ఎగుమతికి స్పైసెస్ బోర్డు టెస్ట్ తప్పనిసరి చేసింది, మా అసొంటి ల్యాబ్‌లకు పని పెరిగింది, అంటే నా జీతంల కొంచెం ఆ దొంగ రంగు పుణ్యం ఉన్నది, నవ్వాల్నో ఏడ్వాల్నో.

అఫ్లాటాక్సిన్ ముచ్చట ఇంకా దగ్గరిది. కాయ సరిగ్గ ఆరకపోతే పట్టే బూజు తయారుచేసే విషం అది. దాంట్ల బీ1 అనే రకం యూరప్‌ల మసాలా కిలోకు 5 మైక్రోగ్రాములు దాటొద్దు. అదెంతంటే లెక్క కట్టి చూసిన, 200 టన్నుల మిర్చిల ఒక గ్రాము. ఇరవై టన్నుల లారీలు పది వరుసగ నిలబెట్టి, అన్నిట్ల కలిపి ఒక గ్రాము. కల్లంల మట్టి మీద ఆరబోస్తే, రాత్రి మంచుకు కప్పకపోతే, ఈ గీత దాటుడు ఎంతసేపు? టార్పాలిన్ పట్టాలకు మీ కంపెనీలు ఎందుకు కొట్లాడాల్నో అడిగినోనికి ఈ లెక్క చెప్పండి.

ఇగ నాకున్న అనుమానాలు దాచిపెట్టను. స్టాండర్డ్‌లు అన్నీ ధర్మంగనే ఉంటయని నేను నమ్మను. పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు మనుషులను పెట్టి ఏండ్లకేండ్లు అదే పని చేపిస్తయి, మన డెలిగేషన్‌ల నలుగురుంటే వాళ్లది గదినిండ ఉంటది. టెస్ట్ ఖర్చు ఎవరి మీద పడుతదంటే తిరిగి తిరిగి రైతు మీదనే. నంబర్ కొంచెం గట్టిగ పెట్టి చిన్నోన్ని బయట నిలబెట్టుడు గూడ అవుతది. ఐఎస్ఓ కాగితాలు స్విస్ ఫ్రాంకులు కట్టి కొనాలె, ఒక పది పేజీలకు మనోని వారం కూలి పోతది, ఇదేం న్యాయమో నాకర్థం కాదు. కానీ కోడెక్స్ కాగితాలు ఫ్రీ, బీఐఎస్ తన భారతీయ స్టాండర్డ్‌లు ఫ్రీగనే ఇస్తున్నది, ముసాయిదాలు గూడ అందరికీ కనిపించేటట్టు పెట్టి మామూలుగా రెండు నెలలు కామెంట్లకు టైమిస్తది. కోడెక్స్ సంగతైతే ఢిల్లీల తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కాడ మన దేశానికి ఒక కాంటాక్ట్ పాయింట్ ఉన్నది, మన దేశం ఏం మాట్లాడాల్నో అక్కడ తయారైతది. తలుపు తీసే ఉన్నది. మనమే పోతలేం.

కామెంట్ అంటే దరఖాస్తు లెక్క రాసుడు కాదు, ఇది మాత్రం జర గట్టిగ చెప్తున్న. "రైతులకు అన్యాయం జరుగుతున్నది, దయచేసి ఆదుకోగలరు" అని రాస్తే చదివి పక్కన పెడతరు. ఎన్నో క్లాజు, ఇప్పుడున్న మాట ఏంది, దాని బదులు ఏం మాట ఉండాలె, ఎందుకు, ఈ నాలుగు ముక్కలు. నేను ఒకసారి బీఐఎస్ ముసాయిదా మీద రెండు కామెంట్లు పంపిన. ఒకటి ఒప్పుకున్నరు, ఒకటి కాదన్నరు, ఎందుకు కాదన్నరో గూడ రాసిండ్రు, వాళ్లు చెప్పింది సబబే. ఒక మామూలు ల్యాబ్ అసిస్టెంట్ రాసినదానికి జవాబొచ్చింది గదా, వేయి మంది రైతులున్న కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఇగో మా 300 లాట్‌ల తేమ లెక్కలు, మంచు పడే నెలల ఇంత, ఎండల ఇంత, అని పంపితే దాని బరువు ఎట్లుంటదో ఆలోచించుండ్రి. ఆ లెక్కలే మన కాడ లేవు. మార్కెట్‌కు పోయే ప్రతి లాట్‌కు తేదీ, రకం, తేమ, ఆరబోసిన రోజులు ఒక రిజిస్టర్‌ల రాసుకోండి అంటున్న, తేజ అయినా చపాట అయినా. ఇంటికాడ పాల లెక్క రాసుకున్నట్టే, అంతకన్నా ఏం లేదు.

ముసాయిదాలు ఇంగ్లీష్‌ల ఉంటయి, అది నిజమైన అడ్డమే. కానీ మన వరంగల్‌ల అగ్రికల్చర్ కాలేజీ ఉన్నది, మల్యాలల పరిశోధన కేంద్రం ఉన్నది, మన ఊర్లల్ల బీఎస్సీ, బీటెక్ చదివి ఫోన్ చూసుకుంట కూసున్న పిల్లలు ఎంతమంది లేరు. మీ బోర్డుల ఒక్క పిల్లనో పిల్లగానినో ఈ పనికి పెట్టండి, నెలకొకసారి ఏ ముసాయిదా వచ్చిందో చూసుడు, తెలుగుల చెప్పుడు, మీరు అన్నది ఇంగ్లీష్‌ల రాసి పంపుడు. జీతం ఇయ్యకున్నా చాయ్ పొయ్యండి. నాలుగైదు కంపెనీలు కలిసి ఒక్కల్ని పెట్టుకున్నా సరే, చపాటోళ్లు ఒకటి, తేజ వాళ్లు ఒకటి అని పంచుకోకుండ్రి ఇందుల గూడ.

వచ్చే నెల రెండో ఆదివారం నేను ఊరికి వస్తున్న. నర్సంపేటల ఎవరన్న జాగ చూపిస్తే ల్యాప్‌టాప్ పట్టుకొని వస్త, 2022 మిర్చి స్టాండర్డ్ ఒక్కొక్క లైన్ చదివి తెలుగుల చెప్త, చేతి మీటరు గూడ తెస్త. బాపు గూడ వస్తా అన్నడు. మీరు తలా ఒక బస్తా తెచ్చుకోండి, నాలుగు పాయలు చేసి మచ్చు తీసుడు ఎట్లనో మీతోనే చేపిస్త. మూతికాడ మంచి కాయ పేర్చి మాత్రం తేకుండ్రి.

మీ
దుగ్గొండి మండలం మిర్చి రైతు కొడుకు